పెళ్ళిచూపుల ఫలహారం ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

ఆరోగ్యం శీర్షికలో పెళ్ళిచూపుల ఖర్చు సంగతి ఎందుకని మీలో కొందరికి అనుమానం రావచ్చు. కాస్త ఓపికగా చదవండి. ఒక ఆడపిల్ల ఒంట్లో రక్తం తగ్గడానికీ, ఆ ఇంటి వంటగదిలో ఫలహారాల పళ్ళెం సిద్ధం కావడానికీ ఉన్న సంబంధం మీకే తెలిసిపోతుంది.

పెళ్ళి ఉద్దేశంతో మొదటిసారి కలుసుకున్న ఇద్దరు తిన్న తిండికి డబ్బు ఎవరు ఇవ్వాలన్న ప్రశ్న పట్నాల్లో హోటల్ బిల్లు దగ్గర వస్తుంది. పల్లెల్లో, చిన్న ఊళ్ళలో అసలు రాదు. అక్కడ జవాబు ముందే తేలిపోయి ఉంటుంది: ఆడపిల్లవాళ్ళే పెట్టుకోవాలి. ఎందుకని అడిగితే "అది ఆనవాయితీ" అంటారు.

ఈ ఆనవాయితీ అంత పాతదేమీ కాదు. మన తెలుగునాట అనేక కులాల్లో మగపెళ్ళివారే ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకునేవారు. డబ్బుకు పసిపిల్లలను ముసలివాళ్ళకు కట్టబెట్టే దురాచారం మీద గురజాడ అప్పారావుగారు రాసిన "కన్యాశుల్కం" 1892లో మొదటిసారి రంగస్థలం ఎక్కింది. అప్పుడు డబ్బు ఇటు వచ్చేది, తర్వాత అటు పోవడం మొదలైంది. వరకట్నాన్ని నిషేధిస్తూ 1961లో చట్టమే చేయవలసివచ్చింది. కనుక ఎవరు ఇవ్వాలన్నది దేవుడు రాసిపెట్టింది కాదు. మనుషులు మార్చుకున్నారు, ఇంకోసారి మార్చుకోవచ్చు.

తనకల్లులో ఒక ఇల్లు

కదిరి నుంచి మదనపల్లె వెళ్ళే దారిలో తనకల్లు ఉంది. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలో ఉండేది, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది. కోస్తాలో పడేదానిలో ఇంచుమించు సగం. ఆ సగమైనా అదునుకు పడుతుందన్న నమ్మకం లేదు. చెనక్కాయ పంట ఊడలు దిగేవేళ వాన మొగం చాటేస్తే పెట్టుబడి కూడా తిరిగి రాదు. అందుకే ఎన్నో ఇళ్ళలో మగపిల్లలు బెంగళూరుకు పనికి పోతారు.

అలాంటి ఒక ఇంట్లో పెళ్ళీడు పిల్ల ఉందనుకుందాం. ఆదివారం చూపులకు ఎనిమిదిమంది వస్తున్నారని కబురు వచ్చింది. ఉగ్గాని, బజ్జీలు, ఓళిగలు, కారాలు, పళ్ళు, కాఫీ, వచ్చిన ఆడవాళ్ళకు జాకెట్టు గుడ్డలు. ఎంత పొదుపుగా చూసినా 1,500 రూపాయలు అవుతుందనుకోండి. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే ఆ పళ్ళెం విలువ ఐదు రోజుల కూలి. సంబంధం మొదటిసారికే కుదరదు కదా! ఆరు చూపులు జరిగితే నెల రోజుల కూలి అయిపోయింది.

ఈ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? కొంత అప్పు. మిగతాది ఇంట్లోవాళ్ళ తిండిలోంచీ, మందుల్లోంచీ వస్తుంది. పాలు ఒక లీటరు నుంచి అరలీటరుకు దిగుతాయి. గుడ్లు, కందిపప్పు తగ్గుతాయి. నాన్న రక్తపోటు మాత్రలు "వచ్చే నెల తెచ్చుకుందాంలే" అని వాయిదా పడతాయి. రక్తపోటు మాత్రలు మధ్యలో మానేస్తే పైకి ఏమీ తెలియదు. కాని లోపల ఒత్తిడి పెరిగి, ఏదో ఒకనాడు పక్షవాతంగానో గుండెపోటుగానో బయటపడవచ్చు. ఎనిమిది ఓళిగల కోసం ఇంత ప్రమాదం తెచ్చుకోవాలా?

ఆ పూట తిననిది ఎవరు?

చూపులనాడు ఆ ఇంట్లో అందరికన్నా తక్కువ తినేది ఎవరో గమనించారా? పెళ్ళికూతురు, ఆమె తల్లి. పొద్దున్నే లేచి వంట, ఊడవడం, అలంకరణ. "వాళ్ళు తిన్నాక తిందాం" అనుకుంటారు. వాళ్ళు వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఖాళీ కడుపు, భయం, బిగుతు బట్టలు, ఇంటినిండా జనం. పిల్ల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉండగా కళ్ళు బైర్లు కమ్ముతాయి. వచ్చినవాళ్ళు "పిల్లకు ఏదో జబ్బు ఉంది" అని చెవులు కొరుక్కుంటారు. జబ్బు కాదు, ఆకలి!

ఎవరైనా అలా సొమ్మసిల్లితే చుట్టూ మూగకండి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఒక అడుగు ఎత్తులో పెట్టండి. మెడ దగ్గర, నడుము దగ్గర బట్టలు వదులు చేయండి. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. సాధారణంగా ఒక నిమిషంలో తేరుకుంటారు. అప్పుడు మజ్జిగో, పంచదార నీళ్ళో నెమ్మదిగా పట్టండి. అలా తేరుకోకపోయినా, ఫిట్స్ వచ్చినా, గుండె దడ, ఛాతీలో నొప్పి ఉన్నా 108కి ఫోను చేయండి.

ఒక్కరోజు ఆకలి పెద్ద నష్టం చేయదు. ఏళ్ళ తరబడి చివర్లో తినడమే అసలు నష్టం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉంది. దేశం మొత్తం మీద ఆడవాళ్ళలో నూటికి 57 మంది అయితే, మగవాళ్ళలో 25 మంది. ఒకే దేశం, ఒకే పంటలు, ఒకే పొయ్యి! నెలసరిలో పోయే రక్తం ఇందుకు ఒక కారణం. మగవాళ్ళందరూ తిన్నాక అడుగున మిగిలింది తినడం మరొక కారణం.

గర్భం లేని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటాం. ఆయాసం, నీరసం, తలనొప్పి, చదివింది తలకెక్కకపోవడం, మట్టి, బియ్యం, బలపాలు తినాలనిపించడం దీని గుర్తులు. ఈ స్థితిలోనే పెళ్ళయి గర్భం వస్తే కాన్పులో పోయే కొద్దిపాటి రక్తాన్ని కూడా తల్లి తట్టుకోలేదు, బిడ్డ బరువు తక్కువగా పుట్టవచ్చు.

చూపుల ముందు చేసే పొరపాట్లు

ఫలహారం ఖర్చే కాకుండా, పిల్లను "చూపించడానికి" చేసే మరికొన్ని ఖర్చులు ఆమె ఒంటికే హాని చేస్తాయి.

తెల్లబడే క్రీములు: మందుల షాపులో అడిగి తెచ్చుకునే కొన్ని క్రీముల్లో స్టీరాయిడ్లు ఉంటాయి. మొదటి పది రోజులు ముఖం మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు, నూగు వస్తాయి. ఆపితే మంట. మరికొన్నింటిలో పాదరసం ఉంటుంది, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. చామనఛాయ జబ్బు కాదు, దానికి మందు అక్కర్లేదు.

నెలసరి వాయిదా మాత్రలు: చూపులకు అడ్డువస్తుందని సొంతంగా వేసుకోకండి. కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర, కాలేయపు జబ్బు, కొన్ని రకాల తలనొప్పులు ఉన్నవారికి ఇవి ప్రమాదం. డాక్టరును అడగకుండా వద్దు. అయినా నెలసరిలో ఉన్న పిల్ల నలుగురి ముందు కూర్చుంటే వచ్చే నష్టం ఏమీ లేదు.

సన్నబడాలని పస్తులు: పది రోజుల పస్తులతో పోయేది ఎక్కువగా నీరు, కండ. రక్తహీనత ఉన్న పిల్ల పస్తులుంటే ఉన్న కాస్త బలమూ పోతుంది.

తిన్న ఋణం

ఇప్పుడు మనసు సంగతి. ఖర్చంతా ఒకరే పెట్టుకుంటే ఇద్దరి మధ్య తక్కెడ ఒకవైపు వంగుతుంది. ఆడపిల్ల ఇంట్లో "ఇంత ఖర్చు పెట్టాం, ఈసారైనా కుదరాలి" అనే మాట పుడుతుంది. అబ్బాయి నచ్చకపోయినా ఆ పిల్ల వద్దనలేదు. వాళ్ళు వద్దన్నారని కబురు వస్తే ఖర్చు దండగైన కోపం కూడా ఆమె మీదికే పోతుంది. రెండు మూడు సంబంధాలు తప్పిపోయాక నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, ఎవరికీ కనపడకుండా గదిలో కూర్చోవడం మొదలవుతాయి. ఇవి రెండు వారాలకు మించి ఉంటే అలక అనుకోకండి. కుంగుబాటు కావచ్చు, దానికి చికిత్స ఉంది. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోను చేసి మాట్లాడవచ్చు. "చచ్చిపోవాలని ఉంది" అనే మాట పిల్ల నోట వస్తే ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి.

హోటల్లోనూ ఇదే తక్కెడ, కాకపోతే రెండోవైపుకు వంగుతుంది. ఇప్పుడు ఎంతోమంది పిల్లలు పెద్దల అనుమతితోనే కదిరిలోనో, బెంగళూరులోనో ఒక హోటల్లో కలుసుకుని మాట్లాడుకుంటున్నారు. మంచిదే. అక్కడ బిల్లు అబ్బాయే కడితే మర్యాద అనుకుంటాం. చాలామంది మర్యాదకే కడతారు. కాని కొందరు కట్టిన బిల్లును బయానాలాగా చూస్తారు. "ఇంత ఖర్చు పెట్టాను, ఫొటో పంపడానికి ఏం?", "బండెక్కడానికి ఏం?" అంటారు. అమ్మాయికి కూడా తిన్నందుకు ఏదో బాకీ ఉన్నట్టు మొహమాటం కలుగుతుంది.

అమ్మాయిలూ, ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఎదుటివాళ్ళు పెట్టించిన దోసె, కాఫీల వల్ల మీ మీద ఎవరికీ ఏ హక్కూ రాదు. వద్దనే మాటకు బిల్లుతో సంబంధం లేదు. ఎవరైనా బలవంతం చేసినా, వెంటపడినా 181 మహిళా సహాయ నంబరుకు గాని, 112కు గాని ఫోను చేయండి.

అబ్బాయిలూ, మీకూ ఒక మాట. నెలకు పదిహేను వేలు సంపాదిస్తూ, గదికి అద్దె కట్టి, ఇంటికి డబ్బు పంపే కుర్రవాడు గొప్పకు పోయి రెండు వేల బిల్లు కట్టి, నెలాఖరున టీ, బన్నుతో కడుపు నింపుకోవడం మగతనం కాదు. మీ ఒంటికీ తిండి కావాలి.

మరి ఎవరు ఇవ్వాలి?

నా సలహా సూటిగా చెబుతాను. హోటల్లో అయితే సగం సగం. పాశ్చాత్య దేశాల్లో దీన్ని డచ్ పద్ధతి అంటారు, అక్కడ ఎవరూ తప్పు పట్టరు. 2016లో యూపీఐ వచ్చిన తర్వాత చిల్లర బాధ కూడా లేదు. "ఎవరిది వాళ్ళం ఇచ్చుకుందామండీ" అని కూర్చోగానే, తిండికి చెప్పక ముందే అనేయండి. బిల్లు వచ్చాక అంటే ఇద్దరికీ ఇబ్బంది. అమ్మాయి సంపాదన లేనిదైతే ఇద్దరూ ఒక టీతో సరిపెట్టుకునే చోట కలవండి, లేదా పిలిచినవారు ఇవ్వండి. ఆ మాట విని ఎదుటిమనిషి ముఖం మాడ్చుకుంటే అదీ మంచిదే. డబ్బు దగ్గర ఆ మనిషి ఎలా ఉంటాడో, ఎలా ఉంటుందో మొదటిరోజే తెలిసింది.

ఇంట్లో అయితే టీ, మజ్జిగ ఇంటివారివి, పళ్ళు వచ్చేవారివి. దారి ఖర్చులు ఎవరివి వారివి. వచ్చేది నలుగురైదుగురికి మించవద్దని ముందే మధ్యవర్తితో చెప్పించండి. ఫొటోలు, చదువు, ఉద్యోగం వివరాలు చూసి, ఫోన్లో మాట్లాడుకున్న తర్వాతే మనుషులు కదలాలి. కదిరి నరసింహస్వామి గుడివంటి చోట ఇరువైపులవాళ్ళూ కలుసుకుంటే ఎవరి చార్జీలు వారివి, ఎవరి ఇంటా పొయ్యి వెలిగించే పని లేదు. "మాకు వద్దు" అని చెప్పడం కూడా రెండు పక్షాలకూ సులువు.

మగపెళ్ళివారూ, ఈ మాట మీ నోటి నుంచి వస్తేనే అందం. "ఏమీ చేయకండి వదినా, మజ్జిగ ఇస్తే చాలు" అని ముందురోజు ఒక ఫోను చేయండి. ఆడపిల్లవాళ్ళు తమంత తాము తగ్గించలేరు, పరువు అడ్డం వస్తుంది.

పళ్ళెంలో ఏం పెట్టాలి?

మన సీమ తిండిలోనే బలం ఉంది, దాచుకోవలసిన పని లేదు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం, నాలుగున్నర మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. 100 గ్రాముల చెనిగ్గింజల్లో మాంసకృత్తులు 24, 25 గ్రాముల దాకా ఉంటాయి. ఉడికించిన చెనక్కాయలు, అలసందల గుగ్గిళ్ళు, ఉగ్గాని, పలచని మజ్జిగ, చీనీకాయ తొనలు. ఇంతకన్నా మంచి ఫలహారం ఏముంది? వచ్చే పెద్దల్లో చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు ఉండనే ఉంటారు. "మొహమాటపడకండి" అంటూ ఓళిగ మీద ఓళిగ వేయడం ఆతిథ్యం కాదు.

ధాన్యాలు, పప్పుల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే విటమిన్ సి తోడు కావాలి. చీనీ, నిమ్మ, జామ, ఉసిరి అందుకు పనికివస్తాయి. టీ, కాఫీ దీనికి విరుద్ధం. తిండితోపాటే టీ తాగితే ఆ తిండిలోని ఇనుము ఒంటికి పట్టడం సగానికి పైగా తగ్గవచ్చు. కనుక టీ గంట ఆగి ఇవ్వండి.

అన్నిటికన్నా ముఖ్యం, అందరూ ఒకేసారి కూర్చుని తినండి. పెళ్ళికూతురు చేత పళ్ళాలు మోయించకండి. ఆమెకూ ఒక పళ్ళెం పెట్టి కూర్చోబెట్టండి. వాళ్ళు రాకముందే, ఉదయం ఎనిమిదింటికల్లా రాగి సంగటో, రెండు ఇడ్లీలో తినిపించండి.

ఖర్చు పెట్టదలచుకుంటే దీనికి పెట్టండి

ఫలహారాల మీద మిగిల్చిన డబ్బు రక్తపరీక్షలకు వాడండి. సంబంధం కుదిరే దశకు వచ్చాక ఇద్దరూ, ఎవరి ఖర్చుతో వారు, పరీక్ష చేయించుకోవాలి. హిమోగ్లోబిన్ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. తలసీమియా, సికిల్ సెల్ వాహకులమేమో తెలుసుకునే పరీక్ష కూడా చేయించుకుంటే మంచిది. వాహకులు ఆరోగ్యంగానే ఉంటారు. కాని ఒకే రకం లోపానికి భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

రాయలసీమలో మేనరికాలు ఎక్కువ కాబట్టి ఈ మాట మరీ గట్టిగా చెబుతున్నాను. రక్తసంబంధం లేని దంపతుల పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో ఏదో ఒక లోపం ఉంటుంది. మేనత్త, మేనమామ బిడ్డల మధ్య పెళ్ళి అయితే ఈ సంఖ్య ఇంచుమించు రెట్టింపు. సొంత మేనమామకే ఇస్తే ఇంకా ఎక్కువ. మేనరికంలో చూపులూ ఉండవు, ఫలహారం ఖర్చూ ఉండదు. ఆ కలిసివచ్చింది తర్వాత బిడ్డ రూపంలో కట్టవలసి రాకూడదు.

ఒక హెచ్చరిక. పిల్లకు పదే గ్రాముల రక్తం ఉందని సంబంధం వదులుకోవడం అన్యాయం. ఇనుము తక్కువై వచ్చిన రక్తహీనత లోపం కాదు, మానే జబ్బు. డాక్టరు చెప్పినట్టు రోజూ ఇనుము మాత్రలు వాడితే సాధారణంగా కొద్ది నెలల్లో సరి అవుతుంది. మలం నల్లగా వస్తే భయపడకండి. మాత్రను టీతోగాని, కాల్షియం మాత్రతోగాని కలిపి వేసుకోకండి. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ పథకం కింద 10 నుంచి 19 ఏళ్ళ పిల్లలకు నీలం రంగు మాత్రలు, 20 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళకు ఎర్ర మాత్రలు వారానికి ఒకటి చొప్పున ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఉంది. మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి.

గుర్తుంచుకోవలసినవి

1. హోటల్లో సగం సగం. ఆ మాట ముందే అనుకోవాలి.
2. ఇంట్లో మజ్జిగ ఇంటివారిది, పళ్ళు వచ్చేవారివి. నలుగురైదుగురికి మించి వద్దు.
3. చూపుల ఖర్చు కోసం పాలు, పప్పు, మందులు తగ్గించకూడదు.
4. పిల్లను ఖాళీ కడుపుతో నిలబెట్టకూడదు.
5. క్రీములు, వాయిదా మాత్రలు సొంతంగా వాడకూడదు.
6. పరీక్షలు ఇద్దరికీ, ఎవరి ఖర్చు వారిది.
7. తిన్నా, తినిపించినా, వద్దనే హక్కు ఇద్దరికీ ఉంది.

ఈ ఆదివారం మీ ఇంటికి చూపులకు ఎవరైనా వస్తుంటే వాళ్ళకు ఏం పెట్టాలా అని తర్వాత ఆలోచిద్దురు గాని. ముందు మీ అమ్మాయి ఈ పూట ఏం తిందో అడగండి.